విన్నది తిరిగి చెప్పే ఉద్యోగం

ఆ చలికాలం మా ఇంట్లో మిరియాలు నిలవుండలేదు. పొద్దున మిరియాల పాలు, మధ్యాహ్నం మిరియాల చారు, సాయంత్రం ఉప్పునీళ్ళతో పుక్కిలింత. "మావోడికి గొంతు పట్టీసింది" అని అమ్మ మా రైల్వే కాలనీ అంతా చెప్పుకొచ్చింది. దాంతో ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ నా గొంతు గురించి అడిగి, తమకు తెలిసిన కషాయం ఒకటి చెప్పి మరీ వదిలేవారు.

నా గొంతుకి ఏ జబ్బూ లేదు. కూరగాయల బండివాడితో బేరమాడేటప్పుడు బ్రహ్మాండంగా పలికేది. క్రికెట్ చూస్తూ అంపైర్ని తిట్టేటప్పుడు పక్క క్వార్టరు దాకా వినబడేది. ఒక్క మనిషి ఫోన్లోకి వచ్చినప్పుడు మాత్రం పూర్తిగా పడిపోయేది. ఆ మనిషి మా ఆఫీసరు. ఈ సంగతి అమ్మకి చెప్పలేక ఆ మిరియాలన్నీ తాగాను.

నేను రైల్వేలో సెక్షన్ కంట్రోలర్ని. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి బిలాస్‌పూర్ వచ్చి పట్టాలు సరిచేసే గ్యాంగులో చేరాడు. నాన్న గూడ్సు బళ్ళకి గార్డుగా చేశాడు. నేను ఎండా వానా తగలకుండా గదిలో కూర్చుని నోటితో బళ్ళు నడుపుతానని అమ్మకి గర్వం. నిజమే, నా పనంతా నోటితోనే. నా సెక్షన్లో ఉన్న స్టేషన్ మాస్టర్లందరితో ఫోన్లో మాట్లాడుతూ, ఏ బండి ముందు పోవాలో, ఏ బండి పక్క లైన్లో ఆగాలో చెబుతూ ఉంటాను. ఆ ఫోను లైను అందరికీ ఒకటే. ఒక స్టేషనుతో మాట్లాడుతుంటే మిగతా స్టేషన్లన్నీ వినొచ్చు, వింటాయి కూడా. పల్లెలో పంపు దగ్గర నిలబడి మాట్లాడినట్టే.

ఆ లైనుకో పద్ధతుంది. నేను ఆర్డరు చెబితే స్టేషన్ మాస్టరు దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాలి. నేను విని 'రైట్' అంటేనే ఆ మాట ఖాయం. వాళ్ళు తప్పుగా తిరిగి చెబితే నేను అప్పటికప్పుడు 'గలత్, ఫిర్ సే' అనాలి, తప్పు, మళ్ళీ చెప్పండని. ఊరుకున్నానా, ఆ తప్పే ఖాయమైపోతుంది. మాట మరీ ముఖ్యమైనదైతే, గుర్తుగా స్టేషన్ మాస్టరు తన దగ్గరున్న రహస్యపు అంకెల్లోంచి ఒకటి ఇస్తాడు. ప్రైవేట్ నంబరంటాం దాన్ని. అది ఇచ్చాక ఇక నేను విన్లేదు, నువ్వు చెప్పలేదు అనడానికి ఎవరికీ వీల్లేదు. ఈ పద్ధతి ఒంటికి ఎంతగా పట్టేస్తుందంటే, మా పెళ్ళిలో పురోహితుడు మంత్రం చెప్పినప్పుడు నేను తిరిగి చెప్పి, ఆయన 'రైట్' అంటాడేమోనని కాసేపు చూశాను.

గొంతు పోవడానికి కారణం ఒక బొగ్గు గూడ్సు. దాన్ని ఒక చిన్న స్టేషన్లో పక్క లైన్లో పెట్టి, వెనకొస్తున్న ఎక్స్‌ప్రెస్‌ని ముందు వదలమని మా ఆఫీసరు లైన్లోకి వచ్చి చెప్పాడు. నేను తిరిగి చెప్పాను. ఆయన రైట్ అన్నాడు. ఎక్స్‌ప్రెస్ పోయింది. ఈలోగా గూడ్సు డ్రైవరు డ్యూటీ గంటలు నిండిపోయి దిగిపోయాడు, ఇంకో డ్రైవరు దొరకలేదు, బండి మర్నాటిదాకా అక్కడే పడుంది. మర్నాడు పైవాళ్ళు ఆయన్ని నిలదీసినట్టున్నారు. ఆయనకీ పైనొకాయన ఉన్నాడు కదా. తిన్నగా నా లైన్లోకి వచ్చి, సెక్షన్లోని స్టేషన్లన్నీ వింటుండగా, ఆ బండి ఆగింది మీ తప్పువల్లేనని హిందీలో నింపాదిగా అన్నాడు.

నేనేం చేశాను? తిరిగి చెప్పాను. 'మేరీ గల్తీ, సర్' అన్నాను, నాదే తప్పని. అలవాటుకొద్దీ నోరు తిరగేసింది, బుర్ర దాకా వెళ్ళలేదు. ఆయన 'రైట్' అన్నాడు. అంటే ఖాయమైపోయింది. ఆ రోజు నుంచి ఆయన పొద్దున లైన్లోకి వస్తూనే, "ఆ గూడ్సులాగా చెయ్యకండి" అని మొదలుపెట్టేవాడు. ఆయన గొంతు వినబడగానే నా గొంతు సన్నబడి, దారమై, చివరికి అదీ తెగిపోయేది. చిత్తం అన్నట్టు 'జీ' అన్న ఒక్క మాట మాత్రం వచ్చేది. దేవుడు ఆ ఒక్కటీ ఎందుకు మిగిల్చాడో నాకు తెలీదు.

గొంతు లేని కంట్రోలర్ని, బళ్ళ రాకపోకలు గీసుకునే బోర్డు ముందు ఎవరూ ఎక్కువకాలం ఉంచరు. ఇవాళ ఆఫీసరు దగ్గర పోయింది, రేపు స్టేషన్ మాస్టర్ల దగ్గర పోతే? నాకు ఆ పని ఇష్టం. ఇంకే పనీ రాదు కూడా. అయినా నన్ను ఫైళ్ళ గదిలోకి మార్చమని అడగడానికి మనసులో మాటలు పేర్చుకోవడం మొదలుపెట్టాను. ఆ అడగడం కూడా ఆఫీసర్నే అడగాలి, దానికీ గొంతు కావాలి అన్నది తర్వాత తట్టింది.

మొదట కనిపెట్టింది నా భార్య. ఆమెదీ ఈ కాలనీయే, ఆమె నాన్నదీ రైల్వే ఉద్యోగమే. ఒకరోజు అన్నం తింటుంటే గరిటె పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

"ఏటండీ, కూరలో ఉప్పెక్కువైందా అంటే జీ అంటన్నారు, తక్కువైందా అన్నా జీయే అంటన్నారు. మీకేటైంది?"

నేను జీ అన్నాను. అని, సిగ్గుపడి, మొత్తం చెప్పేశాను. ఆమె అంతా విని, రైల్వే ఆసుపత్రికి పోదామంది. అక్కడ బెంచీల మీద కూర్చున్నవాళ్ళలో సగంమంది అమ్మకి తెలుసు. పైగా మనసు బాగాలేదని రాయించుకుంటే బోర్డు మీంచి తీసేస్తారేమోనని నాకు భయం. అది నిజమో కాదో ఎవర్నీ అడిగింది లేదు, అడిగితే ఎందుకు అడుగుతున్నావంటారని.

అలా ఫోన్లో వెతకడం మొదలైంది. గొంతు ఎందుకు పోతుందని అడిగితే, మొదట ప్రాణాంతకమైన జబ్బులన్నీ వరసగా చూపించింది. తర్వాత సంగీతం క్లాసులు చూపించింది. చివరికి, ఆఫీసులో ఒత్తిడా, ఇంట్లో కూర్చునే మాతో మాట్లాడండి అని, నవ్వుతున్న కౌన్సిలర్ల ఫోటోలు వచ్చాయి. అందరూ గడ్డం కింద చెయ్యి పెట్టుకునున్నారు. అంత తీరిగ్గా నవ్వే మనిషి మా ఆఫీసులో ఒక్కడూ లేడు కాబట్టి, వీళ్ళ దగ్గరేదో విషయం ఉందనుకున్నాను.

మొదట దొరికినాయన హిందీవాడు. మంచివాడే. కానీ హిందీలో నాకు బళ్ళు ఆపడం వచ్చు, సెలవు అడగడం వచ్చు, పోట్లాడటం ఇంకా బాగా వచ్చు. కష్టం చెప్పుకోవడం రాదు. గూడ్సు కథంతా రిపోర్టు ఇచ్చినట్టు ఇచ్చి, చివర్లో 'సూచనార్థ్' అనబోయి ఆగాను. ఆఫీసు కాగితాల అడుగున రాసే మాట అది, మీకు తెలియజేయడమైనది అని. ఆయన, ఇదంతా చెబుతుంటే మీకేమనిపిస్తోంది అని అడిగాడు. 'సబ్ నార్మల్ హై, సర్' అన్నాను. ఆయన ఆఫీసరు కాదని ఎంత గుర్తు చేసుకున్నా హిందీలో సర్ అనకుండా ఉండలేకపోయాను.

సరే, తెలుగువాళ్ళని వెతుకుదామనుకున్నాను. రెండో ఆమె తెలుగావిడ. తెరమీద కనబడగానే ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో మావాళ్ళెవరైనా చేసే పనే చేశాను. మీదే ఊరండీ అన్నాను. విజయనగరం దగ్గరన్నారు. ఏ వైపు అన్నాను. చెప్పారు. అక్కడ ఫలానావాళ్ళు తెలుసా అన్నాను. అయ్యో, వాళ్ళు మా అమ్మమ్మగారి పక్కిల్లే అన్నారు. ఇంకా ఊరుకోవచ్చు కదా. మీవాళ్ళెవరైనా బిలాస్‌పూర్ వైపున్నారా అని కూడా నేనే అడిగాను. మా మేనమామ బ్యాంకులో చేస్తారు, రాజ్‌కిశోర్ నగర్లో ఇల్లు అన్నారు. మేం ఇల్లు కట్టుకుంటున్నదీ రాజ్‌కిశోర్ నగర్లోనే. ఆ మేనమామ ఎవరో నాకు తెలుసు, నా భార్య పిన్నికి ఆయన వియ్యంకుడి వరస. నా పేరు బయటికి రాకూడదని అంత తాపత్రయపడి, పొయ్యి మీద పాలు పొంగేలోపు రెండు వంశాల చరిత్రా నేనే విప్పేశాను. నెట్‌వర్క్ బాగాలేదని చెప్పి పెట్టేశాను. నా జబ్బు గురించి ఆవిడకి ఒక్క ముక్క చెప్పలేదు, ఊళ్ళ గురించి మాత్రం అన్నీ చెప్పాను.

ఇది విని నా భార్య నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఇంకోసారి ఊరు అడిగితే ఫోను లాగేసుకుంటానంది. అందుకని మూడో ఆమెని, ఆమే తెలుగావిడే, ఊరడగలేదు. ఈ రోజుకీ ఆమెది ఏ ఊరో నాకు తెలీదు. మావాళ్ళలో ఇది చిన్న త్యాగం కాదు.

క్వార్టర్లో గోడలు పల్చన, పైగా అమ్మ చెవులు పదును. అందుకని రాజ్‌కిశోర్ నగర్లో కడుతున్న మా ఇంటికే పోయేవాణ్ణి. పనెలా సాగుతోందో చూసొస్తానని అమ్మతో చెప్పి, పై అంతస్తులో సిమెంటు బస్తా మీద కూర్చుని ఫోను ఇటుకలకి ఆనించి పెట్టేవాణ్ణి. పక్క గదిలో మేస్త్రీ గోడ లేపుతుండేవాడు. ఇక్కడివాడే, తెలుగు రాదు. అంతకంటే భద్రమైన చోటు బిలాస్‌పూర్లో ఎక్కడా దొరకదనిపించింది.

ఆ మూడో ఆమె వయసులో నాకంటే బాగా చిన్నది. వెనక గోడకి ఒక పచ్చటి మొక్క వేలాడుతుండేది. నేను డాక్టరమ్మా అంటే, డాక్టర్ని కాదు సర్, మీరు మేడమ్ అనక్కర్లేదు కూడా అంది. సరే మేడమ్ అన్నాను. ఆ మొదటిరోజే నాకు ఆమె మీద గౌరవం పుట్టేసింది. కారణం చెబితే నవ్వుతారు. నేను ఏం చెప్పినా తిరిగి చెప్పేది.

లైన్లో అందరూ వింటుండగా నన్నలా అన్నాడండీ అన్నాను. "అందరూ వింటుండగా అనడం మిమ్మల్ని బాధపెట్టింది" అంది. నేను రైట్ అన్నాను. పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ వేసుకున్న చెప్పులు మళ్ళీ విప్పేస్తున్నానన్నాను. డ్యూటీకి బయల్దేరుతూ వేసుకున్న చెప్పులు మళ్ళీ విప్పేస్తున్నారు, అంది. రైట్. ఒక్క మాట పొల్లుపోకుండా, తొందర లేకుండా, స్పష్టంగా. నా సెక్షన్లో ఏ స్టేషన్ మాస్టరూ అంత శుభ్రంగా తిరిగి చెప్పగా నేను వినలేదు. ముచ్చటేసింది. ఒకదాని వెనక ఒకటి అన్నీ చెప్పేశాను, ఆమె అన్నీ అందుకుంది. అయిపోగానే, "సరే మేడమ్, రైట్, పెట్టేస్తున్నాను" అని పెట్టేశాను. అనుకున్న సమయంలో సగం కూడా కాలేదు. మిగతా సగం మేస్త్రీ పని చూస్తూ గడిపాను. మనసు తేలికపడింది. మా పద్ధతిలో మాట అవతలివాళ్ళకి అంది, వాళ్ళు తిరిగి చెప్పేశాక ఇక ఆ బాధ్యత వాళ్ళది కదా. నా కష్టం ఇప్పుడు ఆమె చేతిలో ఉంది, ఏదో ఒకటి చేస్తుంది అనుకున్నాను.

తర్వాతి వారం కూడా అంతే. కొత్తగా చేరిన బాధలు చెప్పాను, ఆమె తిరిగి చెప్పింది, రైట్ అన్నాను. పెట్టేయబోతుంటే, ఒక్క నిమిషం సర్, అంది. ఇవన్నీ నాకు చెప్పాక ఏమవుతుందనుకుంటున్నారని అడిగింది.

"మీకు అందింది కదా మేడమ్" అన్నాను.

"అందింది. దాంతో నేనేం చెయ్యాలి?"

ఆ మాట ఆమె నన్నడుగుతుందేమిటి? మీరు మా ఆఫీసరుతో మాట్లాడతారేమో అనుకున్నానని మెల్లగా అన్నాను. ఆమె నవ్వలేదు. నేనైతే నవ్వేవాణ్ణి. మా ఆఫీసు పద్ధతి ఏమిటో, రైట్ అని ఎందుకంటున్నానో అడిగి తెలుసుకుంది. అంతా విని, తాను తిరిగి చెప్పేది ఆర్డరు అందిందని కాదు, మీ మాట మీకు వినబడాలని, అంది. ఇంతకాలమూ అందరి మాటలూ వింటూ కూర్చున్నవాణ్ణి, నా మాట నేను వినడమేమిటో నాకు అర్థం కాలేదు. కానీ ఆ పిల్ల అన్న తీరుకి కోపమూ రాలేదు. ఇంటికొచ్చి నా భార్యకి చెబితే, ఆవిడ చెప్పింది నిజమే గదేటి అని ఊరుకుంది.

మూడోసారి మాట్లాడిన రోజు పొద్దునే ఆఫీసరు మళ్ళీ గూడ్సు మాట ఎత్తాడు. నాకు జీ కూడా రాలేదు. పక్క బోర్డు అతను నా బదులు జీ అన్నాడు. ఆ అవమానంతో ఒళ్ళు మండిపోతూ రాజ్‌కిశోర్ నగర్ వెళ్ళాను. ఇక వల్ల కాదు, ఫైళ్ళ గదికి మార్చమని రేపే అడిగేస్తానని చెప్పాను. ఆమె ఎప్పట్లా వినింది. మొదట్నించీ గూడ్సు కథ ఇంకోసారి చెప్పమంది. విసుక్కుంటూ చెప్పాను. చెప్పడం అవగానే తిరిగి చెప్పింది.

"అయితే ఆ గూడ్సుని ఆపాలని మీరు నిర్ణయించారు. దానివల్ల ఆలస్యమైంది. తప్పు మీదే."

"గలత్" అన్నాను. "ఫిర్ సే."

ఎంత గట్టిగా అన్నానంటే, పక్క గదిలో తాపీ చప్పుడు ఆగిపోయింది. ఫోను ఇటుకల మీంచి జారి పడింది. తీసి పట్టుకుని, లేచి నిలబడి, లైన్లో ఆర్డరు చెప్పినట్టు ఒక్కో ముక్కా విడదీసి చెప్పాను. ఆపమన్నది ఆయన. నేను తిరిగి చెప్పాను. ఆయన రైట్ అన్నాక ఆపాను. తప్పు నాది కాదు. ఆమె ఈసారి పొల్లుపోకుండా తిరిగి చెప్పింది. "ఆపమన్నది ఆయన. మీరు తిరిగి చెప్పి, ఆయన రైట్ అన్నాక ఆపారు. తప్పు మీది కాదు." నేను రైట్ అనాలి. అనలేకపోయాను. ఈసారి గొంతుకి అడ్డం పడింది భయం కాదు. యాభై దగ్గరపడుతున్న మనిషి సిమెంటు బస్తా మీద మళ్ళీ కూర్చుని ముక్కు చీదుకుంటూ ఏడ్చాడు. ఆ ఏడుపు ఎంతో హాయిగా ఉండింది, దాచడమెందుకు.

ఆమె నన్ను కాసేపు ఏడవనిచ్చింది. ఆ తర్వాత, నేను తప్పుగా చెబితే అప్పటికప్పుడు దిద్దారే, ఆయన తప్పుగా చెప్పినప్పుడు ఎందుకు దిద్దలేదని అడిగింది. ఆఫీసర్లు తిరిగి చెప్పరు మేడమ్, తిరిగి చెప్పేది మేమే అన్నాను. అన్నాక నా మాట నాకే వినబడింది.

ఫోను పెట్టేసి చూద్దునుకదా, గుమ్మంలో మేస్త్రీ నిలబడున్నాడు. చేతికి సిమెంటు, మొహంలో కంగారు. "కా హోగే, సాహబ్?" అన్నాడు, ఏమైందని. నేను తేరుకునేలోపు తనే చెప్పుకొచ్చాడు. గలత్ అన్నది విని, తన గోడ వంకరొచ్చిందనుకుని, పై వరస ఇటుకలు అప్పుడే ఊడదీసేశాడట. గోడ నిక్షేపంగా ఉంది. నా ఆత్మగౌరవం కోసం ఒక వరస ఇటుకలు మళ్ళీ పేర్చాల్సొచ్చింది. పనివాళ్ళందరికీ టీ తెప్పించాను, అంతకంటే ఏం చెప్పాలో తెలియక.

ఆమె ఆ రోజు పొరపాటున తప్పు చెప్పిందో, కావాలనే చెప్పిందో నాకు ఇప్పటికీ తెలీదు. తర్వాతి వారం నేరుగా అడిగాను, మీరు కావాలనే అలా అన్నారా అని. "నేను కావాలనే అన్నానేమోనని మీకనిపిస్తోంది" అంది. ఆ మనిషితో గెలవలేం.

ఫైళ్ళ గది మాట ఆ మర్నాడు ఎత్తలేదు. అలాగని ధైర్యమూ చెయ్యలేదు. కొన్నాళ్ళు అలాగే నడిచింది. ఇంట్లో సాధన మొదలైంది. నా భార్య ఆఫీసరుగా కూర్చునేది, నేను తప్పు నాది కాదు సర్ అనేవాణ్ణి. ఆవిడ ఆఫీసరు వేషం మరీ బాగా కట్టేసరికి నాకు అక్కడా గొంతు పోయింది. అమ్మ లోపలికొచ్చి, "ఏటి, ఇద్దరూ కొట్లాడుకుంటన్నారా" అని అడిగి, మిరియాల పాలు ఇద్దరికీ ఇచ్చి పోయింది.

చివరికి ఒక పొద్దున, అన్ని పొద్దునల్లాగే, ఆఫీసరు లైన్లోకి వచ్చాడు. ఏదో ఇంకో బండి గురించి చెబుతూ, దాన్ని కూడా ఆ గూడ్సులాగా ఆపి కూర్చోకండి అన్నాడు. స్టేషన్లన్నీ వింటున్నాయని నాకు తెలుసు. పక్క బోర్డు అతను నా బదులు జీ అనడానికి సిద్ధంగా నావైపు ఒరిగాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

హిందీలోనే అన్నాను. సర్, ఆ గూడ్సుని ఆపమన్న ఆర్డరు మీది. నేను తిరిగి చెప్పాను, మీరు రైట్ అన్నారు, అప్పుడు ఆపాను. తప్పు నాది కాదు.

సినిమాల్లోలా గర్జించానని మీరనుకుంటే పొరపాటు. మొదలు బాగానే వచ్చింది. మధ్యలో మీసాలొస్తున్న కుర్రాడి గొంతులా చీలింది. చివరి మాటలు నాకే సరిగ్గా వినబడలేదు. నాకు ఫైళ్ళ గది, దాని బూజు, దాని ఒకే ఒక్క కిటికీ కళ్ళకి కట్టాయి. తర్వాత ఆయన 'అచ్ఛా, ఆగే బఢో' అన్నాడు, ముందుకెళ్ళండని. క్షమించమనలేదు. నీదే తప్పని మళ్ళీ అనలేదు కూడా. తర్వాతి బండి సంగతి అడిగి, విని, లైన్లోంచి పోయాడు.

అంతే. ఇన్ని మిరియాలు తాగింది ఇందుకా అనిపించింది. చెప్పాను, కానీ ఎవరికందింది? ఆయన తిరిగి చెప్పలేదు, రైట్ అనలేదు. మా లెక్కలో తిరిగి చెప్పని మాట చెప్పనట్టే. నా మాట ఆ తీగల్లో ఎక్కడో వేలాడుతూ ఉండిపోయిందని దిగులుపడుతూ పెన్సిలు తీసుకున్నాను.

అప్పుడు ఆ స్టేషన్ నుంచి పిలుపొచ్చింది, గూడ్సు పడున్న స్టేషన్. అక్కడి మాస్టరు మావాడే, రిటైర్మెంటుకి దగ్గరగా ఉన్న పెద్దాయన, పలాస వైపు మనిషి. ఆ రోజు ఆర్డరు విన్నదీ ఆయనే, గూడ్సుని పక్క లైన్లో పెట్టిందీ ఆయనే, నేను మేరీ గల్తీ అన్నప్పుడు విన్నదీ ఆయనే. ఇన్నాళ్ళూ ఒక్క మాటనలేదు. దానికి ఆయన మీద నాకు లోలోపల కోపం ఉండేది. ఎప్పట్లాగే ఒక ప్యాసింజరు దాటిపోయిందని చెప్పాడు, నేను రాసుకున్నాను. పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. లైన్లో అందరూ వింటుండగా తెలుగులోకి దిగాడు.

"కంట్రోలూ, ఇందాకటిది తిరిగి చెప్తన్నాను, రాసుకోండి. గూడ్సు ఆపమన్న ఆర్డరు సారుది. కంట్రోలు తిరిగి చెప్పినాడు, సారు రైట్ అన్నారు. తప్పు కంట్రోలుది కాదు. రైటేనా బాబూ?"

నేను రైట్ అన్నాను. పెదాలు కదిలాయి, అంతే.

"వినబళ్ళేదు బాబూ. గట్టిగా చెప్పండి."

రైట్ అన్నాను. గదిలో బోర్డుల ముందున్నవాళ్ళందరూ ఇటు తిరిగారు. ఆయన తొందర లేకుండా ఒక ప్రైవేట్ నంబరు ఇచ్చాడు. ఆ మాటకి నంబరు ఇవ్వాల్సిన పనిలేదు. అయినా నేను తిరిగి చెప్పాను, ఆయన రైట్ అన్నాడు.